పడుకున్న ట్యాంకు, సమానమైన గీతలు

మా వర్క్‌షాపులో మా బావని పేరు పెట్టి ఎవరూ పిలవరు. యజమాని దగ్గర్నుంచి ఇనుప రేకులు దించే కూలీల దాకా అందరికీ ఆయన లెక్కల మాస్టారే. ఏ ట్యాంకుకి ఎంత రేకు కావాలో, ఎన్ని లీటర్లు పడతాయో కాగితం ముట్టుకోకుండా చెప్పేసేవాడు. ఆయన డిగ్రీలో లెక్కలు చదివాడన్న మాట మా అక్క ఇరవై రెండేళ్ళుగా ఎదురింటికీ పక్కింటికీ చెబుతూనే ఉంది. నేను అదే వర్క్‌షాపులో పెయింటర్ని. ట్యాంకుల మీద అంకెలూ అక్షరాలూ వేసేది నేనే. నాకు కూడికలు వేళ్ళ మీద తప్ప రావు. అందుకే ఆయన ముందు కుక్కిన పేనులా ఉండేవాణ్ణి. ఆయనా ఆ అవకాశం వదులుకునే రకం కాదు. "నీ భుజాల మీద ఉన్నది పెయింటు డబ్బారా, అదీ ఖాళీది" అనేవాడు.

అలాంటి మనిషి పరువు బజారున పెట్టాలని నాకేమీ సరదా లేదు. జరిగినదంతా మా అక్కకి ఆయనే చెప్పేశాడు కాబట్టి రాస్తున్నాను. పైగా అందులో నా వాటా కూడా ఉంది.

మేము చేసేవన్నీ నిలువు ట్యాంకులు. ప్రతి ట్యాంకుతోపాటు లోపలికి దించి చూసే ఒక ఇనుప రాడ్డు ఇస్తాం. దాని మీద గీతలుంటాయి. తడి ఏ గీత దాకా వచ్చిందో చూసి లోపల ఎన్ని లీటర్లున్నాయో చెప్పొచ్చు. నిలువు ట్యాంకు అడుగు నుంచి మూత దాకా ఒకే వెడల్పు కాబట్టి టేపు పట్టి సమానంగా గీతలు పెట్టుకుంటూ పోతే చాలు. పోయిన ఏడాది ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్ళు తమ జనరేటరు డీజిలు కోసం పడుకోబెట్టిన ట్యాంకు అడిగారు. డ్రమ్ముని నేల మీద పొర్లిస్తే ఎలా ఉంటుందో అలాంటిది, రెండు వేల లీటర్లది.

మా ముసలి వెల్డరుని అందరం పెద్దాయన అంటాం. ఆయన అప్పుడే అన్నాడు. "మాస్టారూ, దీనికి వంద లీటర్ల డ్రమ్ముతో నీళ్ళు పోసుకుంటూ గీతలు పెడదాం. మా గురువు పడుకున్న ట్యాంకులకి అలాగే పెట్టేవాడు."

"నీళ్ళు పోసి, తోడి, ఆరబెట్టడానికి ఒక రోజు పోతుంది పెద్దాయనా. నేనుండగా ఆ అవస్థ దేనికి? లెక్క వేసి ఇస్తాను" అన్నాడు మా బావ.

ఆయన వేసిన లెక్క ఏమిటంటే, రాడ్డుని ఇరవై సమానమైన భాగాలు చేయడం. భాగానికి వంద లీటర్లు. గీతల పక్కన అంకెలు ఎర్రరంగుతో నేను వేశాను. చేయి వణక్కుండా, చూడచక్కగా వేశానని ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాలుగు నెలల తర్వాత కోల్డ్ స్టోరేజీ మేనేజరు మా బావకి కబురు చేశాడు. నేనూ వెంట వెళ్ళాను. జనరేటరు గది ముందు ఆపరేటరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, చొక్కా మీద నూనె మరకలు. మేనేజరు రోజువారీ పుస్తకం తెరిచి చూపించాడు. జనరేటరు రోజంతా ఒకే తీరుగా నడుస్తుంది, ట్యాంకుని ముప్పావుకి మించి ఎప్పుడూ నింపరు. ట్యాంకు సగంలో ఉన్నప్పుడు రోజుకి రెండు గీతలు దిగుతోంది. అడుగుకి వచ్చేసరికి మూడు, ఒక్కోసారి నాలుగు గీతలు దిగుతోంది. ఇంకా నూట యాభై లీటర్లున్నట్టు రాడ్డు చూపించిన ఒక రోజున, అది సాయంత్రం దాకా సరిపోవాల్సింది పోయి మధ్యాహ్నానికే జనరేటరు ఆగిపోయింది.

"అడుగున ఉన్నప్పుడే ఎందుకు తగ్గుతుందండీ? అడుగున ఉంటే ఎవరూ చూడరని" అన్నాడు మేనేజరు.

"కింద తొందరగా పోతోంది సార్. ఎందుకో నాకూ తెలీడం లేదు. నేను చుక్క కూడా ముట్టలేదు" అన్నాడు ఆపరేటరు.

అక్కడున్న వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. మేనేజరు మా బావ వైపు తిరిగి, "మాస్టారూ, మీరు లెక్కలు చదువుకున్నవారు. రాడ్డులో ఏమన్నా తేడా ఉందా?" అని అడిగాడు.

మా బావ రాడ్డు చేతిలోకి తీసుకుని పై నుంచి కింద దాకా చూశాడు. "రాడ్డు సరైనదేనండీ" అన్నాడు.

ఆ పూటే ఆపరేటరుని పంపించేశారు. గేటు దాటేటప్పుడు అతను మా బావ వైపే చూశాడు. మేనేజరు వైపు చూడలేదు.

ఆ తర్వాత మా బావ మారిపోయాడు. నన్ను తిట్టడం మానేశాడు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టగానే టిఫిన్ బాక్సు పట్టుకుని ఎటో మాయమయ్యేవాడు. వర్క్‌షాపులో ఎవరైనా దొంగ అన్న మాట అంటే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడేవాడు. బావకి ఇంకో సంసారం ఉందేమోనని కూడా అనుమానించాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ అనుమానానికీ సిగ్గేస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆయన దొరికాడు. అదే కొలతలతో ఇంకొకరికి చేస్తున్న పడుకున్న ట్యాంకు, ఒక వైపు మూత ఇంకా అతకనిది, షెడ్డు చివర ఉంది. అందులో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు మా బావ. ఒళ్ళో పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసిన పుస్తకం. ట్యాంకు లోపలి గోడ నిండా సుద్దముక్కతో అడ్డగీతలు. నన్ను చూసి పుస్తకం టిఫిన్ బాక్సు కింద దాచబోయాడు.

లాక్కుని చూశాను. పాత పుస్తకాల షాపులో కొన్నది. మొదటిసారి నేర్చుకునేవారికీ, నేర్చుకుని మరిచిపోయినవారికీ కాలిక్యులస్ అని లోపల అచ్చువేసి ఉంది. పేజీ పేజీకీ భయపడకండి అని రాశాడు ఆ రాసినాయన.

"ఇదేంటి బావా? నీకు రానిదా ఇది?"

"షాపులో మా బావమరిది కోసం అని చెప్పి కొన్నానురా" అన్నాడు.

నవ్వొచ్చింది కానీ ఆయన ముఖం చూసి ఆగిపోయాను. కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఇందులోనే తప్పాను. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ తప్పాను. నాకు డిగ్రీ లేదు. మీ అక్కకి తెలీదు, ఎవరికీ తెలీదు" అన్నాడు. తర్వాత పుస్తకం తెరిచి ఒక లెక్క చూపించాడు. అడుగున ఇరుగ్గా, నడుమ వెడల్పుగా ఉన్న పాత్రలోంచి నీళ్ళు ఒకే వేగంతో బయటికి పోతుంటే మట్టం ఎక్కడ త్వరగా దిగుతుంది? అని ఉంది.

"నువ్వు చెప్పు" అన్నాడు.

"ఇరుకు దగ్గర."

"నీకు కూడా తెలిసిందిరా" అన్నాడు మా బావ. ఆ మాటకి కోపం తెచ్చుకోవాలో వద్దో తెలియలేదు.

సుద్దగీతలు చూపించాడు. ట్యాంకుని పల్చని అడ్డపలకలుగా కోసినట్టు ఊహించుకోవాలట. నడుమ పలక వెడల్పుగా ఉంటుంది, ఎక్కువ పడుతుంది. అడుగు పలక సన్నగా ఉంటుంది, కొంచెమే పడుతుంది. వాటిని వరసగా కలుపుకుంటూ రావడమే ఆ శాస్త్రంలో సగం అట. రాడ్డు రెండు వందలు చూపించేటప్పుడు లోపల ఉండేది నూరు లీటర్ల పైన ఓ నాలుగు. వయసులో ఉన్నప్పుడు మూడేళ్ళకి బుర్రకెక్కనిది, ఇప్పుడు ఆరు వారాలకి ఎక్కింది.

"ఆ ఆపరేటరు చెప్పినట్టే పోతుందిరా. కింద తొందరగానే పోతుంది. పెద్దాయన కూడా ముందే చెప్పాడు. తెలియనిది నాకొక్కడికే."

అప్పుడు నేనో సలహా ఇచ్చాను. ఇదే నా వాటా. "పోనీ బావా, కొత్త రాడ్డు చేద్దాం. సర్వీసింగని చెప్పి మార్చేద్దాం. పాము చావదు, కర్ర విరగదు."

"రాడ్డు మారుతుంది. అతను దొంగగానే ఉండిపోతాడు" అన్నాడు. నాకు తలకొట్టేసినట్టయింది.

మర్నాడు మా బావ అందరి ముందూ పెద్దాయన దగ్గరికి వెళ్ళి, నీళ్ళు పోద్దాం రమ్మన్నాడు. మూత అతికించి, డ్రమ్ము తర్వాత డ్రమ్ము పోశాం. ప్రతి డ్రమ్ముకీ పెద్దాయన ఖాళీ రాడ్డు దించి గీత పెట్టాడు. మా బావ లెక్క కట్టిన గీతలు ఇంకో రాడ్డు మీద ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెడితే తేడా గోరంత. పెద్దాయన రాడ్డు తుడుస్తూ, "అప్పుడే పోసుంటే ఒక రోజు పోయేది, అంతే" అన్నాడు. దెప్పాలని కాదు, ఆయన మాట తీరే అంత. మా బావ మాత్రం ఆ రోజు అన్నం ముట్టలేదు.

రెండు రాడ్లూ పట్టుకుని కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాం. తప్పు తనదేనని, రాడ్డు సరైనదని చెప్పింది లెక్క సరిచూడకుండానే అని మేనేజరుకి చెప్పాడు మా బావ. మేనేజరు ఇబ్బందిగా కదిలి, "అయిందేదో అయిపోయింది. కొత్త మనిషిని పెట్టుకున్నాం. మీరు రాడ్డు మార్చేసి వెళ్ళండి" అన్నాడు. మా బావ కదల్లేదు. అతను దొంగ కాదని రాసిస్తే తప్ప కదలనన్నాడు. గంటసేపు నిలబెట్టి, చివరికి రెండు వాక్యాలు రాసి స్టాంపు వేసిచ్చాడు మేనేజరు.

ఆపరేటరు బస్టాండు వెనక వ్యాన్లు కడిగే చోట పనిచేస్తున్నాడు. మమ్మల్ని చూసి పైపు కట్టేశాడు. మా బావ చెప్పిందంతా విన్నాడు. కాగితం మాత్రం అందుకోలేదు.

"నేను ఆ రోజే చెప్పాను కదండీ" అన్నాడు. "ఈ కాగితం నాకెందుకు? నేను తీయలేదని నాకు తెలుసు. మా ఆవిడకి చెప్పండి" అన్నాడు.

అతనే మమ్మల్ని వెంటపెట్టుకుని తీసుకెళ్ళాడు. వాళ్ళ ఇల్లు ఒకటే గది. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని చొక్కాలకి బొత్తాలు కుడుతోంది. మా బావ గుమ్మం దాటి లోపలికి వెళ్ళడానికి ముఖం చెల్లక అక్కడే నిలబడి చెప్పాడు. ఆవిడ సూది ఆపి వింది.

"ఆ రోజు మీరే వచ్చి రాడ్డు సరైనదన్నారట."

"అన్నానమ్మా. నా తప్పు బయటపడుతుందని అన్నాను."

"అంత చదువుకున్నవారు..." అంది ఆవిడ. ఆ గొంతులో కోపం లేదు, అర్థంకాక అడిగినట్టుంది.

"చదువుకోలేదమ్మా. లెక్కల్లో తప్పాను" అన్నాడు మా బావ. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళానికి చెప్పని మాట, ముక్కూముఖం తెలియని మనిషికి చెప్పాడు.

ఆవిడ ఆ మాట విన్నట్టే లేదు. మొగుడి వైపు తిరిగింది. "రోజూ నువ్వు పడుకున్నాక నీ జేబులు వెతికేదాన్ని" అంది.

"తెలుసు" అన్నాడు అతను. "అందుకే చొక్కా నీకు అందేలా తగిలించేవాణ్ణి."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేమిద్దరం మా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాం.