నడుము కింది పొట్లం

2007 చివర్లో వి. గోవిందస్వామి తరఫున పుదుచ్చేరి జిల్లా వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు వేసే పని నా దగ్గరికి వచ్చింది. అప్పటికి నేను వకీలు వృత్తిలో ఇరవై ఏళ్ళు దాటినవాణ్ణి. ఎక్కువగా స్థలం తగాదాలు, అద్దె కేసులు చూసేవాణ్ణి. ఆస్పత్రుల మీద కేసంటే మా బార్‌లో చాలామంది మెల్లగా తప్పుకునేవారు. ఒక డాక్టరు మీద ఇంకో డాక్టరు చేత సాక్ష్యం చెప్పించాలనుకోవడం కొరివితో తల గోక్కోవడమే అని మా సీనియరు అంటూ ఉండేవాడు. నేను ఒప్పుకున్నది ధైర్యం ఎక్కువై కాదు. గోవిందస్వామిది లాస్‌పేటలో టైల్స్ అంగడి, మా వంటింటి టైల్స్ ఆయన దగ్గర కొన్నవే. పైగా మావీ వాళ్ళవీ తరతరాలుగా ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు. ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం గానీ చదవడం, రాయడం మాలో ఏ కొద్దిమందికో వచ్చు. నాకు వచ్చిందంటే అది నెల్లూరులో మేనమామ ఇంట్లో ఉండి చదివిన పుణ్యం.

జరిగింది ఇది. ఆ ఏడు తమిళుల ఆడి నెలలో, జూలై చివర, గోవిందస్వామి గోడౌన్‌లో పెట్టె దించడానికి నిచ్చెన ఎక్కి జారి పడ్డాడు. నడుము దగ్గర వెన్నెముక విరిగింది. కాళ్ళకు కదలికే కాదు, స్పర్శ కూడా పోయింది. ఊళ్ళో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. ఆపరేషన్ బాగానే చేశారు, అందులో వంక పెట్టడానికి ఏమీ లేదని ఇప్పటికీ అంటాను. ఆ తర్వాత ఆయన్ని ఇంటెన్సివ్ వార్డులో ఉంచారు. కొన్నాళ్ళకు ఒక మంగళవారం ఉదయం జ్వరం వచ్చింది, మంచం దగ్గర వాసన వచ్చింది. డాక్టరు పక్కకు తిప్పి చూస్తే నడుము కింద అరచేయంత మేర చర్మం నల్లబడి చచ్చిపోయి ఉంది. రెండు మడమల మీదా చిన్న పుండ్లు ఉన్నాయి.

దీన్ని బెడ్ సోర్ అంటారు. ఒంటి బరువు ఒకేచోట ఆనుతూ ఉంటే అక్కడికి రక్తం అందక కండ చచ్చిపోతుంది. మనం నిద్రలో కూడా అటూ ఇటూ పొర్లుతాం కాబట్టి మనకు రాదు. స్పర్శ లేనివాడికి నొప్పి తెలియదు, పొర్లలేడు. అందుకే అలాంటి రోగిని రెండు గంటలకు ఒకసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, దుప్పటి ముడతలు సరిచెయ్యాలి, చర్మం చూడాలి. ఇది నర్సింగ్‌లో మొదటి ఏడాది పాఠం. దీనికి మందు అక్కర్లేదు, మనుషులు కావాలి.

నేను మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళేసరికి గోవిందస్వామి ముందు గదిలో మంచం మీద బోర్లా పడుకొని ఉన్నాడు. వెల్లకిలా పడుకోకూడదు, కూర్చోవడం అసలే కూడదు. గడ్డం కింద దిండు పెట్టుకొని, ఇంటికి వచ్చిన మేస్త్రీతో బాత్రూము టైల్స్ బేరం ఆడుతున్నాడు. రంగూ సైజూ ధరా అన్నీ నేలవంక చూస్తూనే చెప్తున్నాడు. నాకు నవ్వు వచ్చింది, వెంటనే జాలీ వేసింది. మేస్త్రీ వెళ్ళాక నాతో అన్నాడు: "కాళ్ళు రావని డాక్టరు చెప్పేసినాడన్నా. సరి, పోనీ. కూర్చునేదానికి వస్తే చాలు. అంగట్లో కుర్చీ మీద కూర్చుంటే నా యాపారం నేను చూసుకుంటా."

కూర్చోవాలంటే ఆ పుండు మూసుకోవాలి. అది ఎముక దాకా దిగింది కాబట్టి మందులతో మానదు. పక్కనుంచి కండా చర్మమూ జరిపి దాన్ని మూసే ఆపరేషన్ చెన్నైలో చేస్తామన్నారు. చేతిలో ఉన్నదంతా మొదటి ఆస్పత్రికే అయిపోయింది. కాబట్టి పరిహారం కింద ఎన్ని పద్దులు అడిగినా అసలు కావలసింది ఆ ఆపరేషన్ ఖర్చు. అది రాకపోతే ఆయన జీవితాంతం బోర్లా పడుకునే ఉండాలి.

ఫోరం అంటే సివిల్ కోర్టు కాదు. జిల్లా జడ్జి స్థాయి అధ్యక్షుడు ఒకరు, సభ్యులు ఇద్దరు ఉంటారు. డబ్బు తీసుకొని చేసిన వైద్యం కూడా 'సేవ' కిందికి వస్తుందని సుప్రీంకోర్టు అప్పటికే తేల్చింది కాబట్టి ప్రైవేటు ఆస్పత్రిని అక్కడికి ఈడ్చవచ్చు. కేసు చాలావరకు కాగితాల మీదే నడుస్తుంది. మనం ఫిర్యాదు, వాళ్ళు జవాబు, తర్వాత ఇరుపక్షాలూ ప్రమాణ పత్రాలు. సాక్షిని నిలబెట్టి అడ్డ ప్రశ్నలు వెయ్యాలంటే విడిగా అనుమతి అడగాలి.

ఆస్పత్రి జవాబు వచ్చింది. అందులో రెండు మాటలున్నాయి. ఒకటి, రోగిని రెండు గంటలకోసారి తప్పకుండా పక్క మార్చామని. రెండోది, పుండు బయటపడిన రోజు రోగి నడుము కింద, సరిగ్గా పుండు ఉన్నచోట, విభూతి కుంకుమల కాగితపు పొట్లం ఒకటి దొరికిందని, దాన్ని రోగి మనుషులు దొంగచాటుగా పెట్టారని, ఆ ఒత్తిడి వల్లే పుండు పడిందని. నాకు ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. గోవిందస్వామి భార్య రంగనాయకినీ, ఆమె మరిది దామోదరాన్నీ ఆఫీసుకు పిలిపించాను.

చదివి వినిపించగానే దామోదరం లేచి నిలబడ్డాడు. పచ్చి అబద్ధం అన్నాడు. రంగనాయకి నా వైపు తిరిగింది. "అబద్ధం కాదన్నా. నేనే పెట్టినా. వీరాంపట్టినం తేరు నాడు మా ఆడబిడ్డ అమ్మవారి ప్రసాదం తెచ్చి ఇచ్చె. నడుముకే కదా దెబ్బ, అందుకని నడుము కిందనే పెట్టినా."

దామోదరం మళ్ళీ కూర్చున్నాడు. తర్వాత సర్దుకొని, వదిన పెట్టినట్టు వాళ్ళ దగ్గర సాక్ష్యం ఏముందని నన్ను అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. నేను చట్టం చెప్పాను: పెట్టింది ఫలానావాళ్ళని రుజువు చేసే భారం ఆస్పత్రిదే. ప్రమాణ పత్రంలో అబద్ధం మాత్రం నేను రాయను. కానీ ఆ విషయం ఎత్తకుండా ఊరుకోవచ్చు. ఒప్పుకుంటే మాత్రం కేసు పోయినా పోవచ్చు.

"చూసినావా వదినా, ఊరుకుంటే చాలంట," అన్నాడు దామోదరం. "నువ్వు నోరు తెరిస్తే అన్న గతి ఏంది?"

ఆమె పైటకొంగు వేలికి చుట్టుకుంది. మొగుడి కుర్చీ ఒకవైపు, తన మాట ఒకవైపు. అంత కష్టం నేను ఏ కక్షిదారు ముఖంలోనూ చూడలేదు. ఆమె అంది: "అమ్మవారికి మొక్కుకొని పెట్టింది, ఇప్పుడు పెట్టలేదని యాడ చెప్పేది? ఆయన బాగుండాలని పెట్టినా. దాంతో చెడిపోయింటే అదీ చెప్తా."

దామోదరం విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. నేను మాట మార్చడానికన్నట్టు, మరి ఆ పొట్లం మళ్ళీ ఎందుకు తియ్యలేదని అడిగాను. పెట్టింది తేరు నాటి సాయంత్రం చూడ్డానికి వెళ్ళినప్పుడు. తర్వాతి రోజుల్లో లోపలికి పంపినా తల దగ్గర కాసేపు నిలబడనిచ్చి పంపేసేవారట. "పక్క తిప్పేటప్పుడు సిస్టర్లు చూసి దిండు కింద పెట్టేస్తారులే అనుకున్నా. మా అత్తను ఆస్పత్రిలో చేర్చినప్పుడూ అట్లే చేసినారు కదా," అంది.

ఆ మాట విన్నాక నేను ఆ సాయంత్రం వేరే పని ముట్టలేదు. వీరాంపట్టినం అమ్మవారి తేరు, అంటే రథోత్సవం, శుక్రవారం. ఆ రోజు ఊళ్ళో ఆఫీసులకు సెలవు, తేదీ గురించి ఎవరూ వాదించలేరు. పొట్లం దొరికింది మంగళవారం. శుక్రవారం సాయంత్రం నుంచి మంగళవారం ఉదయం దాకా రోగిని రెండు గంటలకోసారి పక్క తిప్పి ఉంటే ఆ పొట్లం పెట్టినచోటే ఎలా ఉంది?

రంగనాయకి తన ప్రమాణ పత్రంలో అంతా చెప్పింది. అవతలి వకీలు నాకు పాత మిత్రుడు, నాకంటే పెద్ద. ఆమెకు అడ్డ ప్రశ్నలు వేస్తానని ఆయనే అనుమతి అడిగాడు. నేను అభ్యంతరం చెప్పలేదు. పొట్లం పెట్టావా అంటే పెట్టానంది. ఎవరినైనా అడిగావా అంటే లేదంది. దెబ్బ తగిలినచోట పెట్టకూడదని తెలియదా అంటే, "దెబ్బ తగిలినచోటు కాబట్టే పెట్టినా సార్," అని తమిళంలో చెప్పింది. ఏడవలేదు, జాలి చూపించమని అడగలేదు. ఇరవై ఏళ్ళలో నేను చూసిన సాక్షుల్లో చదువుకున్నవాళ్ళు, హోదా ఉన్నవాళ్ళు ఎందరో ఉన్నారు. తనకు ఎదురు తిరిగే జవాబును అంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు. ఆ రోజు నాకు ఆమె మీద గౌరవం పెరిగిందంటే చిన్న మాట అవుతుంది. మిత్రుడు మాత్రం పెళ్ళి భోజనం చేసినవాడిలా కూర్చున్నాడు.

తర్వాతి వాయిదాకు వార్డు ఇన్‌ఛార్జి నర్సును విచారించడానికి నేను అనుమతి తెచ్చుకున్నాను. ఆమె పేరు సిస్టర్ ఫిలోమినా, యాభై దాటిన మనిషి. మెడలో సిలువ, చేతిలో గొడుగు. దుప్పటి ముడత వల్ల కూడా పుండు పడవచ్చా అని అడిగితే పడవచ్చంది. అందుకే తిప్పిన ప్రతిసారీ సరిచేస్తారా అంటే అవునంది. అప్పుడు అసలు ప్రశ్న వేశాను: రోగి ఒంటి కింద ప్రసాదం పొట్లం కనిపిస్తే మీరు ఏం చేస్తారు?

అవతలి వకీలు ఇది సంబంధం లేని ప్రశ్న అని లేచాడు. అధ్యక్షుడు జవాబు చెప్పమన్నాడు. నిజానికి ఆ జవాబు ఆ గదిలో అందరికీ తెలుసు. మా ఊరి ఆస్పత్రుల్లో ఎవరూ నేర్పని ఆనవాయితీ ఒకటి ఉంది. గుడి విభూతి అయినా, దర్గా తాయెత్తు అయినా, చర్చి మాతా పటం అయినా నర్సు పారెయ్యదు. అలాగని ఒంటి కింద ఉండనివ్వదు. కళ్ళకద్దుకొని దిండు గలీబులో పెడుతుంది, లేదా మంచం కమ్మీకి ప్లాస్టరుతో అంటిస్తుంది. సిస్టర్ ఫిలోమినా కూడా అదే చెప్పింది. తమ వార్డులో చేరిన కొత్త పిల్ల కూడా అలాగే చేస్తుందని, దాన్ని ఒంటి కింద ఎవరూ వదలరని కొంచెం గర్వంగానే అంది.

తేరు నాటి నుంచి మంగళవారం దాకా ఈ పొట్లాన్ని ఎవరైనా తీసి దిండులో పెట్టారా అని అడిగాను. ఆమె తన వకీలు వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. అధ్యక్షుడి వైపు తిరిగి, "చూసి ఉంటే తీసేవాళ్ళం అయ్యా," అంది. ఎందుకు చూడలేదని అధ్యక్షుడే అడిగాడు. సెలవు వచ్చి సిబ్బంది తగ్గారని, వార్డు నిండుగా ఉందని, ఒంట్లో పట్టులేని రోగిని తిప్పడానికి ఇద్దరు కావాలని, ఆ ఇద్దరూ దొరకలేదని చెప్పింది. తిప్పామని వార్డు చార్టులో రాసింది నిజం కాదని కూడా తనే చెప్పింది. జీతం ఇచ్చే యజమాని ఎదురుగా కూర్చుని ఉండగా ఆ మాట అనడం ఎంత కష్టమో ఉద్యోగం చేసిన ఎవరికైనా తెలుస్తుంది. ఆమెకు మనసులోనే దండం పెట్టాను. ఇక వెయ్యడానికి నా దగ్గర ప్రశ్న లేదు.

ఉత్తర్వు మాకు అనుకూలంగా వచ్చింది. పొట్లం ఒక్కటే పుండుకు కారణం కాదని, నియమం ప్రకారం తిప్పి ఉంటే అది రెండు గంటలకు మించి అక్కడ ఉండేదే కాదని, మడమల మీద పడిన పుండ్లకు ఏ పొట్లమూ లేదని రాశారు. అయితే సిబ్బందికి చెప్పకుండా పెట్టినందుకు భార్యకూ కొంత బాధ్యత ఉందంటూ పరిహారంలో నాలుగో వంతు కోశారు. మిగిలింది చెన్నై ఆపరేషన్‌కు సరిపోతుంది. ఆస్పత్రి అప్పీలుకు వెళ్ళలేదు, సొంత నర్సు చెప్పినదాని మీద ఏమని వెళ్తుంది? ఆపరేషన్ జరిగింది, పుండు మూసుకుంది. మరుసటి ఏడాదికి గోవిందస్వామి అంగట్లో కూర్చొని నాతోనే బేరం ఆడాడు, ఒక్క రూపాయి తగ్గించలేదు.

ఉత్తర్వు వచ్చిన వారంలో, ఆ కోసిన వంతు కోసం రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వేద్దామని నేను రంగనాయకితో అన్నాను. గెలిచే అవకాశం బాగానే ఉంది. దామోదరం అప్పటికే సరేనన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "వద్దన్నా. వాళ్ళు తిప్పలే, అది వాళ్ళ తప్పు. చెప్పకుండా పెట్టింది నేను. నా వంతు వాళ్ళ మీద ఏసేదానికి మనసు రాదు," అంది. నేను ఇంకోసారి అడగలేదు.

ఈ కేసు నాకు నేర్పినవి రెండు. కక్షిదారు తనకే నష్టం చేసే నిజం చెప్పినప్పుడు వకీలు దాన్ని దాచే దారి వెతకకూడదు. అది నిజమైతే దాని వెంట ఇంకేది నిజమై ఉండాలో అడగాలి. రెండోది, తన తప్పు ఎంతో కొలిచి చెప్పగల మనిషి ఎదుటివాడి తప్పు ఎంతో చెప్తే ఏ బెంచీ అయినా నమ్ముతుంది. ఆ తర్వాత నేను వేసిన ప్రతి ఫిర్యాదులోనూ మా వైపు పొరపాటు ఏదైనా ఉంటే మొదటి పేరాలోనే రాశాను. అలా రాసి కొన్ని కేసులు ఓడిపోయాను కూడా. రిటైరయ్యేదాకా ఆ అలవాటు మానలేదు.