పందుల దొడ్లో పుట్టిన టిబెట్ కత్తి

మా ఆయన తాదర్ చేతిలో ఏ కత్తి పెట్టినా, అది ఏ కొండదో చెప్పేవాడు. ఒర ఒకవైపు తెరిచి ఉంటే మిష్మీ తెగవాళ్ళది. పిడి మీద పేము అల్లిక బిగుతును బట్టి ఆదీలదో, మా నిషీలదో తేల్చేసేవాడు. కత్తి అలుగు మీద సన్నని గీతలు అలలు తిరిగి ఉంటే కొండలు దాటి టిబెట్ నుంచి వచ్చినట్టు. అలాంటిది ఒక్కటుంటే ఒక మిథున్ దున్నతో సమానం. అందుకే ఏ పెళ్ళిలోనైనా మగపెళ్ళివారు ఓలిగా తెచ్చిన కత్తులు ముందు ఆయన దగ్గరే పరిచేవారు. ఆయన మాటంటే మాటే, ఇక ఎవరూ కిక్కురుమనేవారు కాదు.

ఆ నోరు పంది తొడలకి అమ్ముడుపోయింది, అవి అందితే ఏ కత్తినైనా టిబెట్‌దనేది.

తర్వాత తానే దొంగ కత్తుల తయారీకి దిగాడు. లారీ కమాను పట్టీతో కత్తి కొట్టించి, పట్టీకున్న బోల్టు బెజ్జాన్ని సీసంతో పూడ్చి, పైన పిడిలా పేము అల్లేవాడు. ఆపైన గుంజల మీద కట్టిన మా ఇంటి కింద పందుల పెంటలో వానాకాలమంతా పాతిపెట్టేవాడు. తీశాక కొవ్వు పూసి పొయ్యి మీద వేలాడదీసేవాడు. ఆ కంపుకి నాకు ముద్ద దిగేది కాదు.

"తినే కూడు మీద వేలాడదీస్తావా? నీకసలు అసహ్యమన్నదే లేదా?"

"నోర్ముయ్యవే! పొగ పట్టకపోతే పాతదని ఎవడు నమ్ముతాడు?"

ఒకసారి మా నల్లకుక్క చచ్చిపోతే దాని తోలు వలిచి, మెడ మీది తెల్ల మచ్చకి మసి పూసి, ఎలుగు తోలంటూ ఒరకి కుట్టాడు. ఆ కుక్క మా అమ్మాయి యారిన్ పెంచుకున్నది.

మా కొండల్లో కత్తి ఒకచోట నిలవదు. కూతురికి ఓలిగా వచ్చింది కోడలికి ఓలిగా పోతుంది. అలా ఇల్లిల్లూ తిరిగి, ఆయన అమ్మేసిన ఆ కుక్కతోలు కత్తి యారిన్ పెళ్ళికి ఓలిగా మా ఇంటికే వచ్చింది. మా అల్లుడికి అప్పటికే ఇద్దరు పెళ్ళాలు. "నీకోసం ఏమిచ్చారే?" అని సవతులు అడిగినప్పుడు చెప్పుకోవడానికి యారిన్‌కి ఆ కత్తి ఒక్కటే ఆధారం.

"చెప్పు బావా, ఏ కొండది?" అన్నాడు వియ్యంకుడు నవ్వుతూ. "నీ నోటితోనే టిబెట్‌దన్నావట గదా."

తాను చేసిన కత్తిని ఆయన చూడగానే గుర్తుపట్టాడు. కాదంటే పాత పెళ్ళిళ్ళ పంచాయితీలన్నీ తిరిగి లేస్తాయి. బియ్యపు కల్లు పోయడానికి వచ్చిన యారిన్ ఒర మీది తోలు నిమిరింది. వేలికి మసి అంటింది.

"నాన్నా," అంది ఆయనకీ నాకూ మాత్రమే వినిపించేలా, "నా కుక్క తోలుకి నన్నిచ్చేస్తున్నావా?"

ఆయన వియ్యంకుడి వైపు తిరిగాడు. "టిబెట్‌దే," అన్నాడు.

ఛీ! ఆ మనిషి పక్కన పడుకోవడం ఆ రోజుతో మానేశాను.

ఆయన పోయినప్పుడు, ఆచారం ప్రకారం సమాధి మీద ఆయన కత్తి కట్టాలి. ఆయన తాతల నాటి అసలు టిబెట్ కత్తి ఒకటుంది. దాన్ని యారిన్‌కి సవతుల ముందే ఇచ్చి రమ్మని నా తమ్ముడితో పంపాను. సమాధి మీద ఆ కుక్కతోలు కత్తే కట్టాను. ఆ ఏటి వానలకే పిడి మీద పేము కుళ్ళి ఊడిపోయింది, సీసం రాలిపోయింది. దారిన పోయేవాళ్ళు ఆగి ఆ బోల్టు బెజ్జంలోంచి అవతలికి చూసి, ఉమ్మేసి పోతున్నారు.