హార్డ్‌లీ

మా అమ్మాయి టీచర్ నిన్న పంపిన మెసేజ్‌లో ‘హార్డ్‌లీ’ అనే మాట కనబడగానే నాకు నాయన గుర్తొచ్చాడు.

మార్కాపురంలో నేను ఆరో తరగతి చదివేటప్పుడు, ప్రోగ్రెస్ కార్డులో ‘షీ హార్డ్‌లీ స్టడీస్’ అని రాశారు. హార్డ్ అంటే కష్టం కదా, కష్టపడి చదువుతానని మెచ్చుకున్నారనుకుని నాయనకు అలాగే చెప్పాను. పలకల ఫ్యాక్టరీలో పనిచేసే నాయనకు ఇంగ్లీషు రాదు. దుమ్ము చేతులు చొక్కాకు తుడుచుకుని మరీ కార్డు అందుకున్నాడు.

మరునాడు క్లాసులో తెలిసింది, హార్డ్‌లీ చదవడమంటే దాదాపు చదవకపోవడమేనని. ఇంటికొచ్చి నోరు విప్పేలోపే నాయన నన్ను ఇంగ్లీషు తెలిసిన టైలర్ మస్తాన్ మామ దుకాణానికి వెంటబెట్టుకుపోయాడు.

“మస్తానూ, నా బిడ్డ గురించి ఏం రాసినారో గట్టిగా చదువు.”

ఒకపక్క కుట్టుమిషను, ఇంకోపక్క నాయన. కదలడానికి లేదు. మామ కార్డు చదివి, కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు.

“కష్టపడి చదువుతాదంట అన్నా.”

నాయన ముఖం వెలిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

బడికి ఆ దుకాణం ముందు నుంచే పోవాలి. రోజూ మామ మిషను ఆపి, “ఏం పాపా, కష్టపడి చదువుతాండావా?” అని అడిగేవాడు. అవుననలేక, కాదనలేక, ఆ ఏడంతా పుస్తకం వదల్లేదు. ఎగతాళి చేస్తున్నాడని అప్పట్లో కోపంగా ఉండేది. తను ఆడిన అబద్ధాన్ని నిజం చెయ్యమని నన్ను బతిమాలుతున్నాడని చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.