జంగమ్మ పట్టుకున్న అబద్ధం

నాకు డిటెక్టివ్ సీరియళ్లంటే ఒళ్లుమంట. ఒక శవం, అరడజను మంది అనుమానితులు, ఒక తెలివైనవాడు. నేల మీద పడ్డ చొక్కా గుండీ వాడొక్కడికే కనపడుతుంది. మిగతావాళ్లంతా కళ్లు ఇంట్లో పెట్టి వచ్చినట్టు నిలబడి ఉంటారు. పొద్దంతా బడిలో పిల్లల గోల విని వచ్చి, మళ్లీ టీవీ ముందు కూర్చుని ఎవరు ఎవర్ని చంపారో తేల్చుకునే ఓపిక నాకు లేదు. అయినా ఈ రెండేళ్లలో నేను విన్నన్ని హత్యలు ఏ పోలీసాయనా విని ఉండడు. దానికి కారణం జంగమ్మ.

జంగమ్మ మా ఇంటి ఓనరు. నా పేరు మంజుల, మాది కోదాడ. సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పుకుంటూ వాళ్లింటి ముందు గదిలో కిరాయికి ఉంటున్నాను. మధ్యన ఉన్నది పేరుకే గోడ. ఆవిడ టీవీ పెడితే నేను పెట్టినట్టే. మొదట్లో గోడ తట్టి, "పెద్దమ్మా, జర సౌండు తగ్గించవా" అనేదాన్ని. "నువ్వే ఇటొచ్చి కూసో బిడ్డా, గోడెందుకు కొడ్తవ్" అనేది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లను నేను చూడలేదు. వెళ్లి కూర్చోవడం అలా అలవాటైంది.

జంగమ్మ పుట్టింది అనంతగిరిలో. పెళ్లయి చివ్వెంల దగ్గరి ఊరికి, గొర్లు కాసే మంగయ్య ఇంటికి వచ్చింది. బతుకంతా మంద వెంట తిరిగింది. ఎండాకాలం పచ్చిక దొరక్కపోతే పిల్లవాణ్ణి చంకనేసుకుని కృష్ణ ఒడ్డు దాకా నడిచిపోయేవాళ్లు. ఆ పిల్లవాడు మల్లేష్ పెద్దయ్యాక గొర్ల మొహం చూడనన్నాడు. ఇప్పుడు కోదాడలో ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాడు. మంగయ్య మోకాళ్లు అరిగిపోయాక మందను అమ్మేసి సూర్యాపేట శివారులో ఈ ఇల్లు వేసుకున్నారు. మంగయ్య మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు గేటు దగ్గర పనికి కుదిరాడు. చీకటితో బస్సెక్కి పోతాడు, పొద్దు గూకినాక దిగుతాడు. కనుబొమ్మల నిండా ఊక దుమ్ము. చెప్పులు విడిచేటప్పటికే సగం నిద్రలో ఉంటాడు.

మంద పోయాక జంగమ్మకు పొద్దు గడవలేదు. మల్లేష్ పెద్ద టీవీ తెచ్చి గోడకు బిగించి ఇంటర్నెట్ పెట్టించాడు. వాడకట్టు ఆడవాళ్లంతా అత్తాకోడళ్ల సీరియళ్లు చూస్తుంటే ఈవిడకు డిటెక్టివ్ సీరియళ్ల పిచ్చి పట్టింది. "ఆ ఏడుపులు నాకెందుకు? ఇదైతే తప్పిపోయిన గొర్రెను ఎతికినట్టుంటది. ఏ కంపకు బొచ్చు అంటింది, ఏ దిక్కు గిట్టలు పడ్డయి, సూసుకుంట పోవుడే" అనేది.

తెలుగులో మాటలు పెట్టిన పాతవీ చూసేది, కొత్తవీ చూసేది. పాతవాటిలో చివరికి అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి డిటెక్టివ్ మొదటినుంచీ విప్పి చెప్తాడు. కొత్తవాటిలో ఎవరూ ఏమీ చెప్పరు. వాన పడుతుంటుంది, ఇన్‌స్పెక్టరమ్మ కారులో కూర్చుని అద్దంలోకి చూస్తుంటుంది, వెనకాల వయొలిన్ ఏడుస్తుంటుంది. కథ కదలదు. నాకు ఆవలింతలు వచ్చేవి. జంగమ్మ మాత్రం ఆ మొహాన్నే చూస్తూ, "ఈమెకు ఇంటికాడ ఏదో పరేషాన్ ఉన్నది. మొగడు ఇడిసిపెట్టిండు కావచ్చు" అనేది. రెండు భాగాలు పోయాక చూస్తే మొగుడు వదిలేసి ఉండేవాడు.

అలాంటి మనిషికి చూపు తగ్గడం మొదలైంది. ముందు పక్కలు పోయాయి. ఎదురుగా ఉన్నది కనపడేది, పక్కన పెట్టిన చెంబు కనపడేది కాదు. తలుపు రెక్కకు భుజం కొట్టుకునేది. కిందటి వానాకాలంలో మంగయ్య ఆవిడను హైదరాబాద్‌లో ఒక పెద్ద కంటి దవాఖానకు తీసుకుపోయాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు మంగయ్యను ఒక్కణ్ణే లోపలికి పిలిచి మాట్లాడాడు. మన దగ్గర అంతే కదా, రోగం ఒకరిది, దాని కబురు ఇంకొకరికి. బయటికొచ్చి మంగయ్య చెప్పింది ఇదీ: "పొర వచ్చిందట. ఇంక ముదరలేదట. ముదిరినంక ఆపరేషన్ చేస్తరట. అందాక సుక్కల మందు ఏస్కోవాలె, కండ్లకు రెస్టు ఇయ్యాలె."

డాక్టరు చెప్పింది అది కాదు. నీటికాసులు అన్నాడు. కంటి వెనక నరం దెబ్బతిన్నది, పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు, ఉన్నది కూడా మెల్లమెల్లగా పోతుంది, మందు వేస్తే ఆ పోయేది కాస్త ఆలస్యంగా పోతుంది అన్నాడు. నాకిది తర్వాత తెలిసింది. మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి చదివేవాళ్లను ఏడిపించడం నాకు ఇష్టం లేదు.

మంగయ్య అబద్ధాన్ని మా వైపు ఎవరైనా నమ్ముతారు. పొర కాయలాగా ముదరాలని, ముదిరితేనే తీయడానికి వస్తుందని తాతల నాటి నమ్మకం. పక్కింటి రుక్కమ్మ కూడా వచ్చి, "నాకు ముదరనీకె ఏడాది పట్టింది, నీకూ అయితదిలే" అని ధైర్యం చెప్పి పోయింది. జంగమ్మ నమ్మింది. ఏ పని చేసినా ఒళ్లు దాచుకోని మనిషి, కళ్లకు రెస్టు ఇవ్వడం కూడా అంత గట్టిగానే చేసింది. తడిగుడ్డ మడత పెట్టి కళ్ల మీద వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చునేది. పొయ్యి దగ్గర పనికి తప్ప గుడ్డ తీసేది కాదు. ఉన్న చూపు ఆపరేషన్ దాకా అరిగిపోకుండా చూసుకోవాలట.

టీవీ మాత్రం ఆగలేదు. చెవులతో వినేది. మాటలు లేనిచోట ఏం జరుగుతోందో మంగయ్య చెప్పాలి. పాపం ఆయనకు చెప్పడం రాదు.

"ఇప్పుడు ఏం జేస్తున్నడు?"

"నడుస్తున్నడు."

"ఎటు?"

"అటు."

"చేతిల ఏమున్నది?"

"ఏముంటది, ఉత్త చెయ్యే."

మధ్యలో కునుకు తీసేవాడు. గుచ్చి లేపితే ఉలిక్కిపడి, "ఆఁ, వంటామె పారిపోతుంది" అనేవాడు. "వంటామె నిన్ననే సచ్చిపాయె గదనయ్యా" అనేది జంగమ్మ. నేను నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. కొన్నాళ్లకు కొత్త సీరియళ్లు మానేసింది. "వీట్ల మాటలుండయి, ఉత్త సంగీతమే. కండ్లున్నోళ్లకు తీసిండ్రు. పాతయే పెట్టు, వాళ్లు నోరు తెరిచి చెప్తరు" అంది.

దసరా పోయింది, దీపావళి పోయింది. ఆదివారం వచ్చిందంటే జంగమ్మ గుడ్డ తీసి, కళ్లు తెరవకుండానే మొహం పైకెత్తేది. "సూడు, ముదిరిందా?" మంగయ్య రెప్ప ఎత్తి చూసేవాడు. "ఇంకొంచెం" అనేవాడు. తర్వాత బయట నల్లా దగ్గర నిలబడి చాలాసేపు మొహం కడుక్కునేవాడు. మిల్లు అలసట అనుకున్నాను. ఆ వయసులో రోజూ అంత దూరం బస్సులో పోయి రావడమంటే మాటలా అనుకున్నాను. అడిగే ఓపిక నాకూ లేదు.

మాఘం దగ్గర పడింది. దురాజ్‌పల్లి గట్టు మీద లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకోసారి. వాడకట్టంతా గొల్లవాళ్లే, ఎవరిని కదిలించినా జాతర మాటలే. ఎవరు ఏ కోరిక కోరి పొట్టేలు మొక్కారు, ఎవరి పొట్టేలుకు ఎంత కొమ్ములున్నాయి, బండి ఎక్కడ ఆపాలి. మేం క్రైస్తవులం, మా ఇంట్లో ప్రార్థనలే గాని మొక్కులు లేవు. ఆ వారమంతా పక్క గదిలో టీవీ ఎందుకు మోగడం లేదో నాకు అంతుపట్టలేదు. అడిగితే, "జర సోంచాయిస్తున్న బిడ్డా" అంది జంగమ్మ. ఏం ఆలోచిస్తోందో చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం మిల్లుకు సెలవు. మంగయ్య చాప మీద వాలి ఉన్నాడు. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత జంగమ్మ టీవీ పెట్టమంది. పాత సీరియలే, ఆఖరి భాగం. జమీందారు ఇంట్లో అందరినీ హాల్లో కూర్చోబెట్టి డిటెక్టివ్ గొంతు సవరించుకున్నాడు.

"మంజులా, దాన్ని జర ఆపు" అంది జంగమ్మ. ఆపాను.

"ఏమయ్యా, గట్టుకు ఏం పట్టుకపోతున్నం?"

"ఏమున్నది, కొబ్బరికాయ కొట్టి వద్దం" అన్నాడు మంగయ్య కళ్లు తెరవకుండానే.

"పొట్టేలు?"

"ఈసారి ఏం మొక్కలే గద."

"గదే అడుగుతున్న." గుడ్డ కళ్ల మీదే ఉంది. గొంతు మామూలుగానే ఉంది. "మల్లేష్‌కు లైసెన్సు రావాల్నని మొక్కినవ్. బోరుల నీళ్లు పడాల్నని మొక్కినవ్. పోయినసారి మోకాళ్ల నొప్పి తగ్గాల్నని మొక్కినవ్, తగ్గకున్నా ఇచ్చొచ్చినవ్. నా కండ్లకు ఆపరేషన్ ఉన్నదంటివి. అది మంచిగ కావాల్నని ఒక్క పొట్టేలు ఎందుకు మొక్కలే?"

మంగయ్య లేచి కూర్చున్నాడు. "యాది మర్శిన."

"గొల్లోడు గట్టును యాది మరుస్తడా? వారం నుంచి ఇదే సోంచాయిస్తున్న. ఆపరేషన్ ఉంటే నువ్వు మొక్కకుంట ఉండవ్. మొక్కలేదంటే ఆపరేషన్ లేదు. చెప్పు."

మంగయ్య నా వైపు చూశాడు, నేనేదో అడ్డుపడతానన్నట్టు. నాకేం తెలుసు? చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆయన మొహం చూస్తూండగానే నలిగిపోయింది.

"ఎట్ల మొక్కాలె జంగా? సూపు రాదని డాక్టరు చెప్పిండు. రాదని తెలిసి, రావాలె స్వామీ అని ఎట్ల మొక్కాలె? నీకు అబద్ధం చెప్పిన. ఆ స్వామికి చెప్పనీకె నోరు రాలే."

తర్వాత అంతా చెప్పాడు. నీటికాసులు, నరం, మందు, అన్నీ. దవాఖాన మెట్ల మీద నిజమే చెబుదామనుకున్నాడట. "ఉత్త పొరేనా అని నువ్వే అడిగినవ్. అడిగి నవ్వినవ్. నేను అవునన్న. ఆ నవ్వు సూసినంక ఇగ నాతోని కాలే" అన్నాడు. చెప్పేసరికి మనిషి పూర్తిగా అలసిపోయాడు. భుజాలు కిందికి జారిపోయాయి.

జంగమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇప్పుడున్న సూపు?"

"అదీ పోతదన్నడు. మెల్లగ."

"అంటే వానాకాలం నుంచి పోతనే ఉన్నది. నేను కండ్లు మూసుకొని కూసున్న." కళ్ల మీది గుడ్డను ఒకసారి తడిమింది. "కొడుకు వచ్చిపోతే గొంతు విన్ననయ్యా, మొఖం సూడలే. ఆపరేషన్ అయినంక కడుపునిండ సూస్తలే అనుకున్న. పోయేదే అని చెప్తే గీ ఆర్నెల్లు అన్నీ సూసుకుంటుంటి గద. గా దినాలు ఇప్పుడు ఎవలు తెచ్చిస్తరు?"

"నీకు బాధయితదని..."

"బాధ నాది. దాన్ని నువ్వెందుకు తీసి దాసిపెట్టుకుంటివి?"

నాకు మంగయ్య మీద పట్టరానంత కోపం వచ్చింది. ఆ నిమిషంలోనే జాలీ వేసింది. రెప్ప ఎత్తి "ఇంకొంచెం" అన్న ప్రతి ఆదివారమూ ఆయన నల్లా దగ్గర అంతసేపు ఎందుకు నిలబడేవాడో అప్పుడు తెలిసింది. అయినా ఆయన వైపు ఒక్క మాట అనబుద్ధి కాలేదు. అన్యాయం జరిగింది ఆవిడకు.

జంగమ్మ గుడ్డ తీసి పక్కన పెట్టింది. వెలుతురుకు కళ్లు చికిలించి, తల అటూ ఇటూ తిప్పి మొగుణ్ణి వెతుక్కుంది. "ఎదురుంగ వచ్చి కూసో. పక్కకుంటే కనపడవ్." ఆయన జరిగి కూర్చున్నాడు. చాలాసేపు చూసింది.

"గడ్డం ఎప్పుడు తెల్లగయింది?"

"ఏమో."

"మనిషి సగమైనవ్" అంది. అది కోపమో ప్రేమో నాకు తెలియలేదు.

ఏం చేయాలో తోచక, "మిగతాది పెట్టనా పెద్దమ్మా?" అన్నాను రిమోట్ పట్టుకుని.

"ఎందుకు? మేనల్లుడే సంపిండు. మొదటి దినమే తెలుసు నాకు."

గోడ పట్టుకుని లేచింది. సాయం పట్టబోతే నా చెయ్యి తోసేసింది. తడుముకుంటూ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఎదురుగా ఇదివరకు తుమ్మచెట్లు ఉన్న ఖాళీ జాగాలో ఇప్పుడు నీలం రంగు రెండంతస్తుల ఇల్లు ఉంది. దాన్ని కింది నుంచి పై దాకా, ఒక్కో కిటికీ మీద ఆగుతూ చూసింది.

"ఇదెప్పుడు లేసింది?"

"క్రిస్మస్‌కు ముందు గృహప్రవేశం చేశారు పెద్దమ్మా. నీకు పాయసం కూడా తెచ్చిచ్చారు."

"పాయసం యాదికున్నది" అంది.

తర్వాత నల్లాను చూసింది. తీగ మీద ఆరేసిన నా చున్నీని చూసింది. రోడ్డు మీద పోతున్న ఒక ఆటోను, అది మలుపు తిరిగేదాకా తల తిప్పుతూ చూసింది. ఎండ నేరుగా మొహం మీద పడుతోంది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. మంగయ్య గడపలో నిలబడి, ఇన్ని నెలల అలవాటు కొద్దీ అన్నాడు: "ఎండ కొడ్తుంది జంగా. కండ్లకు మంచిది కాదు, లోపటికి రా."

"కొట్టనీ. ఇగ ఈ సూపు దాసుకొని ఏం జేస్కోవాలె?" అంది జంగమ్మ.