చివరి దరువు దాకా

మా మామయ్య పోయాడని వినుకొండ నుంచి ఫోనొచ్చింది. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, అక్కడ అమ్మ దగ్గరే ఉండేవాడు. పెళ్లి ఊరేగింపుల్లో ట్రాక్టరు మీద స్పీకర్లు కట్టి, పాటలకు దరువులు కలిపి, చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికీ కంటిమీద కునుకు లేకుండా చేసిన మనిషి. ఇక మీరంతా హాయిగా పడుకోవచ్చు.

కంప్యూటర్లొచ్చాక పాటల పేర్ల వెనక తోకలు మొదలయ్యాయి కదా, ఆ తోకలంటే ఆయనకు ఒళ్లు మంట. "రేడియో ఎడిట్ అంటే ఏంటే? బస్సెళ్లిపోతోంది, నాలుగు ముద్దలు మింగి లెగమనటం. ఎక్స్‌టెండెడ్ మిక్స్ అంటే అన్నం పెట్టకుండా గంటసేపు విస్తరి కడగటం, తిన్నాక ఇంకో గంట చెయ్యి కడగటం. డబ్ మిక్స్ అంటే పాడేవాణ్ణి బయటికి గెంటి గిన్నెలు వాయించుకోవటం. రీమిక్స్ మరీ సిగ్గుమాలిన పని! ఎవరో వండిన కూరకి తాలింపేసి, వంట నాదేననటం." అన్నిటినీ తిట్టి, మళ్లీ అవే చేసేవాడు. ఇదేంటి మామయ్యా అంటే, "పాటకి ముందూ వెనకా ఆ పొడుగు దరువు లేకపోతే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి ఎట్లా దూకుతానే, మొద్దూ?" అని నన్నే తిట్టేవాడు. పాటను చెవిపెట్టి వినటం నాకు నేర్పింది ఆ నోటిదురుసు మనిషే.

పత్తి నూగు పడుతుందని స్పీకర్లకు అమ్మ పాత చీరలు కప్పేవాడు. తనకు జ్వరమొస్తే దుప్పటి కూడా కప్పుకునేవాడు కాదు. అమ్మ అన్నానికి పిలిస్తే "వస్తన్నా అక్కా" అనేవాడేగానీ కదిలేవాడు కాదు. ఆయన వచ్చేదాకా ఆవిడా తినేది కాదు.

గుంటూరులో డీజేనని చెప్పుకు తిరిగే ఒకడు మామయ్య సీడీలు పట్టుకెళ్లి, పాటలను ముందూ వెనకా కోసి, తన పేరేసుకున్నాడు. "కోసుకోనీ. పొడుగుదాంట్లో చివరి దరువయ్యాక నా గొంతు పెట్టా. ఆ వెధవలకి అక్కడిదాకా వినే ఓపిక ఎక్కడేడిసింది?" అని నవ్వాడు మామయ్య.

ఆయన పోయిన దగ్గర్నుంచి అమ్మ ముద్ద ముట్టలేదు. "వాడి గొంతు ఒక్కసారి వినిపించవే" అని ఒకటే ఏడుపు. ఎక్కడినుంచి తేను? మామయ్యకంటే ముందే ఆయన కంప్యూటరు చచ్చింది. చిన్న దినం నాడు ఆ గుంటూరు మహానుభావుడు కారేసుకుని దిగాడు. మెళ్లో హెడ్‌ఫోన్లు. పరామర్శకు హెడ్‌ఫోన్లెందుకో! "గురువుగారికి నివాళండీ" అంటూ కారు తలుపులు తెరిచి, మామయ్య పాటే పెట్టాడు.

"ఇది నువ్వు కోసింది. పొడుగుది ఉందా?" అన్నాను.

"ఎక్స్‌టెండెడా? ఉందిగానీ, చివరంతా ఉత్త దరువేనండీ. ఎవరు వింటారు?"

"మేం వింటాం. పెట్టు."

పాట అయిపోయింది, దరువు మిగిలింది. అతగాడు ఆపబోతే చెయ్యి లాగేశాను. అమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. దరువు ఆగింది. ఏమీ లేదేమో అనుకున్నాను. అప్పుడొచ్చింది మామయ్య గొంతు.

"ఏరా, ఇంకా వింటన్నావా? పనీపాటా లేదా? ఆపేసి పోయి అన్నం తిను, పో!"

"వెధవా! పోయినా పొగరు తగ్గలేదు నీకు" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ. లోపలికెళ్లి కంచంలో అన్నం పెట్టుకొచ్చి, మళ్లీ ఆ అరుగు మీదే కూర్చుంది. ముద్ద కలుపుతూ అతనికేసి చూసింది.

"మళ్లీ మొదటినుంచి పెట్టు బాబూ. ఏమీ కొయ్యకుండా."