ఓనరమ్మతో సముద్రపు మేడకు

రాష్ట్రం కొత్తగా ఏర్పడి, మాలాంటి కోస్తా వాళ్ళంతా పెట్టే బేడా సర్దుకుని హైదరాబాదులో దిగిన ఆ రోజుల్లో, ఉద్యోగం దొరకడం కన్నా ఇల్లు దొరకడం కష్టంగా ఉండేది. ఆబిడ్స్‌లో ఆఫీసు వదలగానే సైకిలేసుకుని సందులన్నీ తిరిగి, ‘టు లెట్’ బోర్డు ఉన్న ప్రతి గుమ్మం ముందూ చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. “ఎంతమంది?” అనేవారు. “నేనూ, మా ఆవిడా, ఇద్దరు మగపిల్లలూ” అనగానే తలుపు సగం మూసుకునేది. (మగపిల్లలు అన్న మాట వీలైనంత మెల్లగానే అనేవాణ్ణి. అయినా వినపడేది.) అలా కాచిగూడలో ఒక ఇల్లు, సుల్తాన్ బజార్‌లో ఒక ఇల్లు ఖాళీ చేసి, చివరికి నాంపల్లి స్టేషను వెనకాల రెండు గదుల పోర్షనులో పడ్డాం. మంచాలు విప్పడం, మంచాలు బిగించడం చేసి చేసి ఆ వయసుకే నా నడుం పట్టేసింది. ఇక కదలలేను బాబూ అనుకున్నాను.

అలా అనుకున్న ఏడాదికే కదలమన్నారు. ఇంటి ఓనరమ్మ పల్లె నుంచి వచ్చిన మనిషి. భర్త పోయాక పోర్షన్ల కిరాయి మీదే బతుకుతూ, మధ్యాహ్నం కునుకు ఒక్కటే సుఖంగా పెట్టుకుంది. మా సుపుత్రులు సరిగ్గా ఆ వేళకే రేకు డబ్బాలతో బ్యాండుమేళం పెట్టేవారు. “ఏంది సారు గీ లొల్లి? ఎండకాలం అయిపోంగనే ఖాలీ జేయుండ్రి. పోర్షను ఉత్తగ పడి ఉన్నా నాకు ఫికర్ లేదు, జర నిమ్మలంగ పండుకుంట” అంది. నాకు బతిమాలే ఓపిక కూడా లేక మెట్టు మీదే కూలబడ్డాను.

ఉపాయం మా ఆవిడది. “ఆవిడ ఎప్పుడూ సముద్రం చూళ్ళేదటండీ. ఎలాగూ వేసవికి మా పుట్టింటికి వెళ్తున్నాంగా, తీసుకెళ్దాం. మనసు కరుగుతుంది.”

“కరగడానికి ఆవిడేమన్నా ఉప్పా?” అన్నాను. అన్నానే గానీ, ఓనరమ్మ పరుపుచుట్టా, నీళ్ళ కూజా, పచ్చడి జాడీ మోసుకుని నాంపల్లిలో రైలెక్కింది నేనే. దారంతా కూజాని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మా అత్తవారి ఊరికి కాస్త దూరంలో, సముద్రపొడ్డున, ఒకప్పటి జమీందారుగారి వేసవి మేడ ఉంది. ఎక్కడి వస్తువులు అక్కడే ఉంచి దాన్ని మ్యూజియం చేశారు. దాని పైవరండా నుంచి చూస్తేనే సముద్రం అందమని మా ఆవిడ పట్టుబట్టింది. బస్సు దిగి, కాలే ఇసకలో చిన్నాణ్ణి భుజాన వేసుకుని ఈడ్చుకుంటూ చేరేసరికి నాకు సముద్రమూ వద్దు, మేడా వద్దు, ఎక్కడైనా ఒక బల్ల చాలనిపించింది. లోపల బల్లలూ కుర్చీలూ బోలెడు. అన్నిటి మీదా ‘కూర్చోరాదు’ అని అట్టముక్క.

ఓనరమ్మ మాత్రం ఉషారుగా గోడలు తట్టి చూసింది. కిటికీ రెక్కలు ఊపి చూసింది. “గోడలు మంచిగున్నయి. నడుమ తడక కొడితే మూడు పోర్షన్లు. గా పందిరిమంచం తీసేస్తే బియ్యం డబ్బాలు పెట్టుకోవచ్చు” అని లెక్క తేల్చి, వెనకాలే వస్తున్న ముసలి కాపలాదారును అడిగింది. “గిండ్ల ఎవరుంటున్నరు?”

“ఎవరూ ఉండరండీ, ఆయ్. దొరగారున్నప్పుడు కూడా వేసవిలో రెండు నెలలేనండీ.”

“గింత పెద్ద ఇంట్ల?” ఓనరమ్మ అట్లాగే నిలబడిపోయింది.

పైవరండాలోకి తీసుకెళ్ళాం. ఎదురుగా సముద్రం. కొంగు నోటికడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. మా ఆవిడ నాకేసి విజయగర్వంతో చూసింది. చివరికి ఓనరమ్మ నిట్టూర్చి, “ఇన్ని నీళ్ళు పెట్టుకుని, ఇంట్ల ఒక్క నల్లా లేదు” అంది.

అప్పుడే మావాళ్ళిద్దరూ నున్నటి నేల మీద జారుడాట మొదలెట్టారు. కేకలు మేడంతా మోగాయి. నా ప్రాణం పోయింది. సరిగ్గా ఆవిడ ఎదుటేనా!

“అల్లరి చెయ్యకూడదండీ, ఇది మ్యూజియం! ఎవరి పిల్లలండీ?” అని కాపలాదారు గద్దించాడు.

నేను నోరు తెరిచేలోపే ఓనరమ్మ తిరిగింది. “మా ఇంటి పోరలు! ఏం, పోరలన్నంక లొల్లి జెయ్యరా? మనుషుల సప్పుడు లేక నీ ఇల్లు గిట్ల బొందలగడ్డ లెక్క అయింది. ఇంక రెండుసార్లు జారుండ్రి బిడ్డా!”

తిరుగు ప్రయాణంలో, రాత్రి రైల్లో, ఒళ్ళో కూజా పట్టుకుని, లేని ధైర్యం కూడగట్టుకుని అడిగాను. “అమ్మగారూ, మరి ఖాళీ చేసే సంగతి...”

“ఖాలీ జేయిస్తే ఏం జెయ్యాలె సారు? అట్టముక్క పెట్టి అందరికి చూపియ్యాల్నా? ఉండుండ్రి” అని ఆవిడ అటు తిరిగి పడుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆ క్షణం దాకా తెలియలేదు, అన్ని ఇళ్ళు మారి ఎంత అలిసిపోయానో.

ఇప్పుడు నాకూ సొంత ఇల్లుంది, పైన అద్దెకున్న వాళ్ళూ ఉన్నారు. మధ్యాహ్నం కన్నంటుకునే వేళకు నా నెత్తిన వాళ్ళ పిల్లలు బంతి కొడతారు. అగ్గిమీద గుగ్గిలమై లేచి, సగం మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుంటూ కాసేపు వింటాను. దిగి వస్తాను.

“ఏమన్నారు?” అంటుంది మా ఆవిడ.

“నేనేమీ అనలేదు. పైన మనుషులున్నారు” అంటాను.