లసుమవ్వ బొగ్గు మందు

పరాయి రాష్ట్రానికి వలస వచ్చి, నార్పోలి మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే లసుమవ్వకు మనుషులకంటే పిల్లులే ముద్దు. కుక్క కక్కినా, పిల్లి పొట్ట ఉబ్బినా పొయ్యిలోని కట్టెబొగ్గు నూరి, నీళ్లలో కలిపి తాగించేది. అవి ఎలాగూ లేచి తిరిగేవే. పేరు మాత్రం లసుమవ్వకు వచ్చేది.

గంజి పెట్టిన నూలును ఎలుకలు కొరకకుండా కాచే పిల్లి మిర్చి. ఆ రోజు అది విషపు మందు తిన్న ఎలుకను తిని మగ్గం కింద పడిపోయింది.

"బాపమ్మా, ధామన్కర్ నాకా చౌరస్త కాడ జానవరాల డాక్టర్ ఉన్నడు. రిక్షా తెస్త," అంది మనవరాలు నమ్రత.

"వానికి నాకంటె ఎక్కువ ఎరుకనా? దాని నోరు పట్టు."

"పట్టుకుంట, డాక్టరమ్మా! ఫీజెంత?"

మిర్చి తల వాల్చేసింది. మింగడం లేదు. అయినా లసుమవ్వ నల్లనీళ్లు పోస్తూనే ఉంది. పిల్లి ఒక్కసారి దగ్గి, గురగురమంటూ ఎగశ్వాస పట్టింది. అప్పుడు రిక్షా ఎక్కారు.

డాక్టర్ బల్ల మీదే మిర్చి ప్రాణం పోయింది. విషానికి ఇచ్చే బొగ్గు వేరని, స్పృహ లేని జీవి నోట్లో అది కూడా పోయకూడదని, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయిందని డాక్టర్ హిందీలో చెప్పాడు.

"ఏమన్నడే?"

ఎప్పుడూ ఆటపట్టించే నమ్రత తల దించుకుంది. "విషం బాగ ఎక్కిందట, బాపమ్మా. నీ మందుతోని ఏం కాలేదట."

"ఈ ఊర్ల ముసలిదాన్నైన. నాకు హిందీ రాదా బిడ్డా?"

రిక్షాలో లసుమవ్వ కొంగుతో పిల్లి మూతి తుడుస్తూ కూర్చుంది. నలుపు పోలేదు, తెల్లని మెడ మీదికి ఇంకా పాకింది.